అది ఉప్పు కొటారు కాదు

మా మద్నూరుకు సముద్రం లేదు. ఉన్నదల్లా మంజీర. ఎండాకాలం వస్తే ఆ మంజీరలోనూ నీళ్ళకంటె ఇసుకమేటలే ఎక్కువ కనబడతాయి. తెలుగు, మరాఠీ, కన్నడ, ఉర్దూ నాలుగూ ఒకే సంతలో వినిపించే సరిహద్దు ఊరు మాది. పడమటికి నాలుగడుగులు వేస్తే దెగ్లూరు, అనగా మహారాష్ట్ర. ఇటువంటి ఊళ్ళో ముప్పై అయిదేళ్ళు తెలుగు పండితుడిగా పనిచేశాను. సముద్రానికి పర్యాయపదాలు చెప్పమంటే రత్నాకరము, పారావారము, అకూపారము, ఉదధి, జలధి అని గుక్క తిప్పుకోకుండా చెప్పేవాణ్ణి. సముద్రాన్ని కంటితో చూసింది మాత్రం 1994లో. అదీ పిల్లల విహారయాత్ర పుణ్యమా అని.

ఆనాడు పదోతరగతి పిల్లలను వెంటబెట్టుకొని సికిందరాబాదు వెళ్ళి, గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి, తెల్లవారేసరికి విశాఖలో దిగాము. రామకృష్ణ బీచ్ నుండి జాలారిపేట వైపు ఇసుకలో నడుస్తూ వెళుతుంటే, సగం పూడిపోయి ఒక కాంక్రీటు పెట్టె వంటి కట్టడం కనబడింది. దానికి తలుపు లేదు, పేరు పలక లేదు. గోడలో అడ్డంగా సన్నని కంతలు మాత్రం ఉన్నాయి. ఒక పిల్లవాడు అడిగాడు: "సార్, గిదేంది?"

ఉపాధ్యాయుడికి ఉండే దుర్గుణాలలో మొదటిది, తెలియదని చెప్పలేకపోవడం. తీరమన్నాక ఉప్పు ఉంటుంది, ఉప్పు ఉంటే దానిని దాచే కొటారు ఉంటుంది, అని ఒక్క క్షణంలో తర్కం అల్లేశాను. "పూర్వకాలపు ఉప్పు కొటారురా. ఆ కంతలు గాలి ఆడటానికి" అన్నాను. పిల్లలు తలలూపారు. ఇద్దరు ముగ్గురు నోటుపుస్తకాలలో రాసుకున్నారు కూడా. అదే నడకలో "కోస్టల్ బ్యాటరీ" అన్న పేరు చదివి ఇంకొక పిల్లవాడు, "సార్, టార్చిలైటు బ్యాటరీలు ఇక్కడ చేస్తరా?" అని అడిగితే అందరం నవ్వాము. ఆ పేరుకు, ఆ పెట్టెకు సంబంధం ఉన్నదని నవ్విన వారెవరికీ తెలియదు. నాకూ తెలియదు.

దాదాపు మూడు దశాబ్దాల తరువాత, ఆ పిల్లలలో ఒకడు ఉద్యోగరీత్యా విశాఖలో స్థిరపడి, ఒక ఉదయం నాకు ఫోను చేశాడు. "సార్, బాగున్నరా? మీరు గప్పుడు ఉప్పు కొటారని చెప్పిండ్రు గదా, గసొంటిదే ఇంకోటి సముద్రం కోతకు బయటపడ్డది. అది రెండో ప్రపంచయుద్ధం నాటి బంకరంట సార్. మీకు ఫొటో పంపిన, చూడుండ్రి." వాడి గొంతులో వెక్కిరింత లేదు, ఆనందమే ఉంది. అందువల్లనే నాకు ఎక్కువ సిగ్గు వేసింది. ఈ టపా ఆ సిగ్గులోనుండి పుట్టింది. తప్పు చెప్పిన నోటితోనే ఒప్పు చెప్పాలి గనుక, తెలుసుకున్నంత మేరకు ఇక్కడ రాస్తున్నాను.

ముందుగా ఆ కాలాన్ని గుర్తు చేసుకుందాము. 1942 ఫిబ్రవరి 15న సింగపూరు జపాను సేనలకు లొంగిపోయింది. మార్చి 8న రంగూను పడిపోయింది. మార్చి 23న అండమాను దీవులు జపాను వశమయ్యాయి. అంటే అయిదు వారాల వ్యవధిలో బంగాళాఖాతపు తూర్పు ఒడ్డు శత్రువు చేతికి వెళ్ళి, మన ఒడ్డు యుద్ధానికి సరిహద్దు అయింది. ఏప్రిల్ 5న కొలంబో మీద దాడి జరిగింది. ఆ మరునాడు, 1942 ఏప్రిల్ 6న, ర్యూజో అనే విమానవాహక నౌక నుండి లేచిన జపాను విమానాలు విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. ఆ కొద్ది రోజులలోనే బంగాళాఖాతంలో ఇరవైకి పైగా వాణిజ్య నౌకలు మునిగిపోయాయి.

విశాఖ అప్పటికి కొత్త రేవు. 1933లో ఓడలకు తెరుచుకున్నది. అక్కడే 1941 జూన్ 21న బాబూ రాజేంద్రప్రసాద్ గారు సింధియా వారి నౌకానిర్మాణ కేంద్రానికి శంకుస్థాపన చేశారు. రేవు, రైలుమార్గం, ఓడల కర్మాగారం మూడూ ఒక్కచోట ఉన్న పట్టణం శత్రువు కంట్లో పడకుండా ఎలా ఉంటుంది? బాంబులు పడ్డాక జనం పల్లెలకు తరలిపోయారు. ఆంధ్ర విశ్వకళాపరిషత్తు గుంటూరుకు తరలి, యుద్ధం ముగిశాకనే తిరిగి విశాఖ చేరింది. దక్షిణాన మద్రాసులో ప్రభుత్వ కార్యాలయాలే ఊరు ఖాళీ చేశాయి, హైకోర్టు కోయంబత్తూరులో కూర్చున్నది. జపాను సేన రేపో మాపో మన ఇసుక మీద దిగుతుందని పాలకులు, ప్రజలు ఒకేవిధంగా నమ్మిన రోజులవి.

ఆ నమ్మకానికి పోసిన కాంక్రీటు రూపమే ఆ పెట్టె. ఇంగ్లీషువారు దానిని పిల్‌బాక్స్ అన్నారు, మాత్రలు దాచుకునే చిన్న డబ్బీని పోలి ఉంటుందని. మన విశాఖవారు బంకరు అంటారు. నిర్మాణం చాలా సరళం. మందమైన కాంక్రీటు గోడలు, దళసరి పైకప్పు, వెనుకవైపు వంగి దూరవలసినంత చిన్న ద్వారం, ముందువైపు తుపాకి గొట్టం పట్టేంత కంత. లోపలి నుండి చూస్తే ఆ కంత విశాలంగా తెరుచుకొని కాల్చేవాడి చూపుకు చోటిస్తుంది, బయటివాడి గుండుకు మాత్రం సందు ఇరుకు. నేను "గాలి ఆడటానికి" అని పిల్లలకు చెప్పిన కంతలు ఇవే. ఇక కోస్టల్ బ్యాటరీ అనగా తీరరక్షణకు నిలిపిన ఫిరంగుల వరుస. ఇంగ్లీషులో ఫిరంగుల జట్టును బ్యాటరీ అంటారు. ఫిరంగులు పోయాయి, పేరు మాత్రం బస్సు కండక్టరు నోట నిలిచింది. కట్టడాలకంటె మాటకు ఆయువు ఎక్కువ అని పండితులు చెప్పేది ఇటువంటివి చూసే కాబోలు.

శిష్యుని ఫోను వచ్చాక ఊరకుండలేక నేను మళ్ళీ విశాఖ వెళ్ళాను. బీచ్ రోడ్డు మీద విశాఖ మ్యూజియం ఉంది. జపానువారు వేయగా పేలకుండా మిగిలిన బాంబు ఒకటి అందులో ప్రదర్శనకు పెట్టారు. దానిని చూసి, ఆ తరువాత ఒడ్డుకు నడిచి, శిష్యుడు చూపిన కట్టడం గోడ మీద చేయి వేశాను. గోడ మందం నా మూరెడుకు తక్కువ లేదు. ఒక పక్కకు ఒరిగి ఉంది. లోపల ఇసుక, ఎవరో పారేసిన సీసాలు. కంతలో నుండి చూస్తే సముద్రం ఒక నీలిగీతలా కనబడింది. యుద్ధకాలంలో ఇందులో కూర్చున్న సిపాయి చూసిందీ ఆ గీతనే. ఆ గీత మీద ఓడ కనబడుతుందేమోనని రాత్రింబగళ్ళు చూసి ఉంటాడు. అది రాలేదు. జపాను సేన మన తీరాన ఎన్నడూ దిగలేదు.

అప్పుడు నాకు మా ఊరి మాట ఒకటి గుర్తుకు వచ్చింది. మా వైపు కుస్తీ నేర్చుకునే చోటును తాలీం అంటారు. ఉర్దూలో తాలీము అంటే చదువు. మరాఠీలో నాటకానికి ముందు వేసుకునే అభ్యాసాన్ని కూడా తాలీం అంటారు. బడి, గోదా, నాటకశాల, మూడింటికీ ఒకే మాట. సంస్కృతంలో "శిక్ష" అంటే నేర్చుకోవడం. తెలుగులోకి వచ్చేసరికి అది దండన అయింది. నా దగ్గర చదువుకున్నవారికి ఆ రెండర్థాలూ బాగా తెలుసు. యుద్ధానికి మన తీరంలో జరిగినదంతా ఈ తాలీమే. తుపాకి ఎత్తడం, దించడం, ఇసుక బస్తాలు పేర్చడం, రాత్రి దీపాలార్పడం, సైరను మోగితే ఎవరి చోటికి వారు పరుగెత్తడం. ఏ నాటకం కోసం ఇంత అభ్యాసం చేశారో ఆ నాటకం ఇక్కడ ఆడలేదు. ఆడని నాటకాన్ని చరిత్ర పుస్తకాలు గుర్తుపెట్టుకోవు. అందుకే ఆ పెట్టెకు పేరు పలక లేదు, నాకు సమాధానం లేదు.

విశాఖలో తాలీము రక్షణ కోసమైతే, కాకినాడలో దండయాత్ర కోసం జరిగింది. యుద్ధం దిశ మారి, బర్మా తీరాన్ని తిరిగి పట్టుకోవాలని బ్రిటిషువారు తలచినప్పుడు, ఓడల నుండి ఒడ్డుకు దిగే విద్య సైనికులకు నేర్పవలసి వచ్చింది. కాకినాడ తీరంలో ఆ అభ్యాసాలు జరిగాయి. 1944 మొదట్లో కమాండో దళాలు అక్కడ సాధన చేసి అరకాను తీరానికి తరలాయి. చోటు చూస్తే ఎంపికలోని తెలివి అర్థమవుతుంది. గోదావరి మోసుకొచ్చిన ఇసుకతో గత రెండు శతాబ్దాలలో పెరిగిన హోప్ ఐలాండ్ కాకినాడ రేవుకు అడ్డుగోడలా నిలిచి అలలను ఆపుతుంది. వెలుపల హోరెత్తే కడలి, లోపల నిలకడ నీళ్ళు. దక్షిణాన కోరంగి మడ అడవులు, బురద కాలువలు. అరకాను తీరం కూడా సరిగ్గా ఇటువంటిదే, మడ అడవుల నడుమ మెలికలు తిరిగే బురద వాగుల ప్రాంతం. 1945 జనవరిలో కంగావు దగ్గర కమాండోలు దిగినది అటువంటి బురదలోనే.

ఒడ్డుకు దిగడం అన్నంత తేలిక కాదు. కోరమాండల్ తీరంలో ఒడ్డుకు కాస్త దూరాన అలలు విరిగి వరుసలు వరుసలుగా వస్తాయి. మేకు కొట్టిన గట్టి పడవ ఆ అలల్లో నేలకు తగిలితే పగిలిపోతుంది. అందుకే మనవాళ్ళు పూర్వం పలకలను కొబ్బరితాళ్ళతో కుట్టి మసూలా పడవ చేసేవారు. అది అలకు విరగదు, వంగుతుంది. కంపెనీవారి ఓడలు మద్రాసులో దూరంగా లంగరు వేస్తే, దొరలను, సరుకులను ఒడ్డుకు చేర్చినది ఆ కుట్టుపడవలే. ఇరవయ్యో శతాబ్దపు సైన్యం అదే చిక్కును మరొక విధంగా విప్పుకున్నది. అడుగు చదునుగా, ముందుభాగం తలుపులా నీళ్ళలోకి పడేలా పడవలు చేసింది. ఒక్కొక్కదానిలో ముప్పై మందికి పైగా సైనికులు కిక్కిరిసి కూర్చొని, తలుపు పడగానే నడుము లోతు నీళ్ళలోకి దూకి పరుగెత్తాలి. మళ్ళీ ఎక్కాలి, మళ్ళీ దూకాలి. అది కూడా తాలీమే.

ఇక్కడొక ప్రశ్న వస్తుంది. సముద్రమే లేని నిజాం రాజ్యపు మనిషికి ఈ తీరాల గొడవ ఎందుకు? నేనూ అదే అనుకున్నాను, కోటబారు సంగతి చదివేవరకు. పసిఫిక్ యుద్ధంలో మొదటి దెబ్బ పెరల్ హార్బరులో పడిందని మనం బడిలో చెబుతాము. నిజానికి దానికి గంటకు పైగా ముందే, 1941 డిసెంబరు 8 అర్ధరాత్రి దాటగానే, మలయాలోని కోటబారు ఒడ్డున జపాను సేనలు దిగాయి. ఆ ఇసుకలో కాంక్రీటు పిల్‌బాక్సులలో కూర్చొని ఎదుర్కొన్నవారు భారతీయ సైనికులు, డోగ్రా రెజిమెంటువారు. వెనుక ఉన్న విమానాశ్రయానికి కాపలా ఉన్నది ఎవరనుకున్నారు? మన హైదరాబాదు సంస్థానపు సైన్యం, ఫస్ట్ హైదరాబాద్ ఇన్‌ఫంట్రీ. వారి సేనాని లెఫ్టినెంట్ కర్నల్ హెండ్రిక్స్ ఆ యుద్ధంలోనే మరణించాడు. ఆ సాయంకాలానికే విమానాశ్రయం చేజారింది. సముద్రం లేని రాజ్యం నుండి వెళ్ళినవారు పరాయి సముద్రతీరాన ఆ మహాయుద్ధపు మొదటి రాత్రిని చూశారు. విశాఖలో ఆడని నాటకం అక్కడ ఆడింది. ఏడవ నిజాం ఇచ్చిన ధనంతో నిర్మించి, ఆయన బిరుదే పెట్టిన "నిజాం" అనే యుద్ధనౌక ఆస్ట్రేలియా నావికాదళంలో సముద్రాలు తిరిగింది. 1945 ఫిబ్రవరిలో పెద్ద అల ఒకటి ఆ నౌకను ఒరగదీసి పదిమంది నావికులను మింగింది. మంజీర ఒడ్డున పన్ను కట్టిన రైతుకు తన శిస్తు ఏ సముద్రం మీద తేలుతున్నదో తెలిసి ఉండదు.

కనుక ఈ గుర్తులు తీరవాసులవే కావు, మనందరివీ. అయితే యుద్ధం జరగని చోట, కేవలం అభ్యాసం జరిగిన చోట, మిగిలే గుర్తులు ఎటువంటివి? పురావస్తువంటే శాసనమో, శిల్పమో, నాణెమో అని మనకు అలవాటు. తాలీముకు శాసనం వేయించే రాజు ఉండడు. బడిలో చిత్తుపుస్తకం వంటిది అది. పరీక్ష రాశాక చిత్తుపుస్తకం పొట్లాల అంగడికి పోతుంది. పిల్లవాడు ఎక్కడ తడబడ్డాడో, ఏ లెక్క మూడుసార్లు కొట్టివేసి చేశాడో తెలిసేది మాత్రం దానిలోనే.

ఇంగ్లండులో ఆ చిత్తుపుస్తకాన్ని దాచుకున్నారు. డెవన్ తీరంలో బ్రాంటన్ బరోస్ అనే ఇసుకదిబ్బల ప్రాంతం ఉంది. 1943 సెప్టెంబరు నుండి అక్కడి తీరంలో అమెరికను సైన్యం దండయాత్రకు శిక్షణ కేంద్రం నడిపింది. అందరికీ చాలినన్ని పడవలు లేవు. అందుకని నేల మీద పడవ ఆకారంలో, అసలు కొలతలతో కాంక్రీటు గచ్చు పోశారు. సైనికులు ఆ నేలపడవలో కూర్చొని, లేచి, దిగి సాధన చేశారు. మా ఊళ్ళో పిల్లలు నేల మీద గీత గీసి దానిని రైలుబండి అనుకొని ఎక్కినట్లన్నమాట. ఆ కాంక్రీటు పడవలు కొన్ని ఇప్పటికీ ఆ దిబ్బలలో ఉన్నాయి. దగ్గరలోని బ్యాగీ పాయింట్ కొండ మీద శత్రువువి అనుకొని కట్టి, తామే దాడిచేసిన ఉత్తుత్తి పిల్‌బాక్సుల శిథిలాలున్నాయి.

అదే డెవన్‌లో స్లాప్టన్ ఇసుకతీరం కథ మరింత బరువైనది. 1943 డిసెంబరు 20 నాటికి ఆ ప్రాంతపు ఊళ్ళ నుండి సుమారు మూడువేల మందిని ఇళ్ళు, పొలాలు, గొడ్డుగోదా సహితంగా ఖాళీ చేయించారు, అభ్యాసానికి చోటు కావాలని. 1944 ఏప్రిల్ 28 తెల్లవారుజామున అభ్యాసానికి వస్తున్న అమెరికను ఓడల వరుస మీద జర్మను టార్పెడో పడవలు పడ్డాయి. రెండు ఓడలు మునిగాయి. చనిపోయినవారి సంఖ్య సాధారణంగా 749 అని చెబుతారు. అభ్యాసంలో చనిపోయినవారు వారు. నార్మండీ దండయాత్ర రహస్యం బయటపడకూడదని ఆ వార్తను అప్పట్లో అణచివేశారు. దశాబ్దాల తరువాత ఆ కథకు ఆనవాలు వెదికినవాడు చరిత్రాచార్యుడు కాడు. కెన్ స్మాల్ అనే సామాన్య గృహస్థుడు ఒడ్డున నడుస్తూ గుండీలు, గుళ్ళు, నాణేలు ఏరుకున్నాడు. ఇవి ఎక్కడివని అడుగుతూ పోయి, సముద్రంలో మునిగి ఉన్న ఒక ట్యాంకును 1984లో ఒడ్డుకు లాగించాడు. అది ఇప్పుడు అక్కడ స్మారకంగా నిలిచి ఉంది. తెలియదు అని ఒప్పుకొని అడుగుతూ పోయినవాడికి ట్యాంకు దొరికింది. తెలిసినట్లు చెప్పిన నాకు ఉప్పు కొటారు దొరికింది.

ఇక మన తీరానికి వద్దాము. ఇటువంటి గుర్తులకు మనదగ్గర శత్రువులు రెండు: సముద్రం ఒకటి, సంవత్సరాల లెక్క మరొకటి.

సముద్రం సంగతి. మన తూర్పు తీరం వెంట అలలు ఇసుకను ఏడాదిలో ఎక్కువకాలం దక్షిణం నుండి ఉత్తరానికి మోస్తాయి. దారిలో రేవు కోసం అడ్డుకట్ట వేస్తే ఇసుక దక్షిణాన ఆగిపోతుంది, ఉత్తరపు ఒడ్డు కోతపడుతుంది. విశాఖ రేవును కట్టిన ఇంజనీర్లకు ఈ చిక్కు మొదటే తెలుసు. ఇసుకను పట్టడానికి రెండు పాత ఓడలలో రాళ్ళు నింపి ముంచారు. బయటి రేవు వచ్చాక అడ్డు ఇంకా పెరిగింది. రేవులో తవ్విన ఇసుకను తెచ్చి నగరపు బీచ్‌కు పోస్తూ ఉండవలసి వచ్చింది. అయినా కోత పూర్తిగా ఆగలేదు. అందువల్లనే పూడిపోయిన పిల్‌బాక్సులు బయటపడుతున్నాయి, బయటపడినవి ఒరిగిపోతున్నాయి. కాకినాడకు ఉత్తరాన ఉప్పాడ వద్ద కడలి ఇళ్ళనే మింగుతున్నది.

ఈ మాట ఎందుకు చెబుతున్నానంటే, ఆ పెట్టె యుద్ధానికే గాక తీరానికి కూడా సాక్షి. పిల్‌బాక్సును అలలు తాకేచోట ఎవరూ కట్టరు. అలలకు వెనుక, గట్టినేల మీద, ముందున్న ఇసుకంతా గురిలో ఉండేలా కడతారు. ఈనాడు అటువంటిది నీళ్ళలో నిలబడి ఉన్నదంటే, దాని ముందున్న ఒడ్డంతా ఎనభై ఏళ్ళలో పోయిందన్నమాట. సరిహద్దు రాయి వంటిది అది. దానిని పెకలించి వేరేచోట అందంగా పెట్టినా, ఈ సాక్ష్యం పోతుంది. మునిగిపోనిచ్చినా పోతుంది. ఏది చేసినా, ముందు దాని చోటును కొలిచి రాసిపెట్టాలి.

రెండవది సంవత్సరాల లెక్క. 1958 నాటి ప్రాచీన కట్టడాల చట్టం ప్రకారం ఒక కట్టడాన్ని ప్రాచీనమని లెక్కించాలంటే అది నూరేళ్ళకు తక్కువ కాకుండా ఉండాలి. 1942లో కట్టినదానికి 2042 వరకు ఆ యోగ్యత రాదు. అలకు ఈ చట్టం తెలియదు. నూరేళ్ళు నిండితేనే ఆదరిస్తామంటే, ఆదరించడానికి ఏమీ మిగలకపోవచ్చు. బీచ్ రోడ్డు మీదనే కుర్‌సురా జలాంతర్గామిని ఒడ్డుకు చేర్చి 2002లో మ్యూజియంగా చేశారు. జనం టిక్కెట్టు కొని, వరుసలో నిలబడి చూస్తున్నారు. మంచిదే. ఆ వరుసలో నిలబడినవారిలో కొందరైనా ఆ ఒడ్డుననే ఉన్న పెట్టె ఏమిటని అడిగితే చెప్పడానికి ఒక చిన్న పలక ఉంటే చాలు. దానికి జలాంతర్గామి అంత ఖర్చు కాదు.

ప్రభుత్వం చేయాలి అని రాసి చేతులు దులుపుకోవడం సులభం. కాని ఇంగ్లండులోనూ ఈ పని మొదట సామాన్యులే చేశారు. 1995 నుండి 2002 వరకు డిఫెన్స్ ఆఫ్ బ్రిటన్ అనే పథకం నడిచింది. సుమారు ఆరువందల మంది స్వచ్ఛందంగా ఊరూరా తిరిగి, ఇరవైవేలకు దగ్గరగా యుద్ధకాలపు కట్టడాలను నమోదు చేశారు. వారిలో రిటైరైనవారు, బడిపిల్లలు, సెలవురోజు నడకకు వెళ్ళేవారు ఉన్నారు. తవ్వకాలు చేయలేదు, చూసి రాశారు.

తీరప్రాంతాలలో ఉన్న బ్లాగ్మిత్రులకు నా మనవి ఇదే. శ్రీకాకుళం నుండి నెల్లూరు వరకు ఎక్కడైనా ఇసుకలో పేరులేని కాంక్రీటు కనబడితే ఒక్క నిమిషం ఆగండి. ఫొటో తీసేటప్పుడు పక్కన ఒక మనిషినో, గొడుగునో నిలబెట్టండి, పరిమాణం తెలుస్తుంది. కంత ఏ దిక్కుకు చూస్తున్నదో రాయండి. అలల గీతకు ఎన్ని అడుగుల దూరమో, ఏ తేదీన చూశారో రాయండి. అన్నిటికంటె ముఖ్యం, అక్కడి జాలరి పెద్దలు దానిని ఏమని పిలుస్తారో అడగండి. ఏప్రిల్ 1942 నాటికి పదేళ్ళ వయసున్నవారికి నేడు తొంభై దాటింది. వారి తాతముత్తాతల వలలెండిన ఇసుకను సిపాయిలు ఎప్పుడు ఆక్రమించారో, ఎప్పుడు వదిలిపోయారో ఏ కాగితంలోనూ ఉండకపోవచ్చు. ఆ మాట పోతే మళ్ళీ రాదు. కాంక్రీటుకైనా ఇంకొంచెం గడువుంది.

ఇంకొక హెచ్చరిక కూడా చేయాలి. ఇసుకలో ఇనుప ముక్కలు, గుళ్ళ వంటివి కనబడితే చేతితో ముట్టవద్దు. పేలని గుండుకు యుద్ధం ముగిసినట్లు తెలియదు. పోలీసులకు చెప్పండి. దూరం నుండి తీసిన ఫొటో చాలు.

విశాఖ నుండి తిరిగి వచ్చాక నేను చేసిన మొదటి పని, 1994 నాటి పిల్లలలో ఎవరెవరి ఫోను నంబర్లు దొరుకుతాయో వెదకడం. తొమ్మిదిమంది దొరికారు. ఒక్కొక్కరికీ ఫోను చేసి, "ఆనాడు నేను చెప్పింది తప్పు నాయనా, అది ఉప్పు కొటారు కాదు" అని చెప్పాను. కొందరికి ఆ పెట్టే గుర్తు లేదు. ఒక అమ్మాయికి మాత్రం గుర్తుంది. ఇప్పుడామె కూడా ఉపాధ్యాయురాలు, మా జిల్లాలోనే. "సార్, నేను కూడా మా పిల్లలను విశాఖ తీస్కపోయినప్పుడు ఉప్పు కొటారనే చెప్పిన" అన్నది. కాసేపు ఇద్దరమూ మాట్లాడలేదు. తప్పు కూడా తాలీములాగే ఒక తరం నుండి మరొక తరానికి అందుతుంది.

"ఈసారి పోయినప్పుడు సరిగ చెప్త సార్" అన్నది చివరకు. ఆమె మళ్ళీ వెళ్ళేసరికి చూపించడానికి ఆ పెట్టె అక్కడ ఉండాలన్నదే నా కోరిక.